విద్యుత్ గిటారులో కొయ్య పలుకునా?

వీణ కుండపై వ్రేలితో తట్టి చూచినవారికి ఆ వాద్యమున కొయ్య యెంత ముఖ్యమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలోని పనివారు పనస దుంగను తొలిచి కుండయు దండియు ఒకే మ్రానునుండి చెక్కి తీయుదురు. దానిని ఏకాండి వీణ యందురు. తీగ తానుగా గాలిని కదలింపగల శక్తి మిక్కిలి స్వల్పము. సన్నని తీగ గాలిని కోసికొని పోవునే గాని త్రోయజాలదు. దాని కదలిక గుఱ్ఱము మీదుగా పై పలకకు దిగి, ఆ పలక కుండలోని గాలిని కదలించినపుడే మనకు నాదము వినవచ్చును. అనగా వీణలో మనము వినునది, తీగ అందించిన మాటను కొయ్య పలికిన పలుకు.

మన చలనచిత్ర గీతములలోను, లలితసంగీతమునందును విరివిగా వినవచ్చు విద్యుత్ గిటారు సంగతి అట్టిది కాదు. దానికి కుండ లేదు, బోలు లేదు. సుమారు రెండంగుళముల మందము గల గట్టి చెక్క దిమ్మ, దానికి తగిలించిన పొడవైన మెడ, ఆ రెంటిపై బిగించిన ఆరు ఉక్కు తీగలు, ఇంతే దాని శరీరము. విద్యుత్తు లేనపుడు మీటినచో ప్రక్కగదిలోనివారికి సైతము సరిగా వినబడదు. అయినను దుకాణమునకు పోయి అడిగినచో, మహాగని దిమ్మ గనుక నాదము గంభీరమనియు, మేపుల్ గనుక తేటగా మ్రోగుననియు, మెట్ల క్రింది పలక రోజ్‌వుడ్ గనుక మార్దవమనియు చెప్పుదురు. ఒక్కొక్క కొయ్యకు ఒక్కొక్క వెల. కొడుకునకో కూతునకో గిటారు కొనవలసిన తండ్రి దేనికి సొమ్ము చెల్లించుచున్నాడో తెలిసికొనుట న్యాయము. ఈ ప్రశ్నతో అడవుల సంగతి కూడ ముడిపడియున్నది గాన, దీనిని కొంచెము నిదానముగా విచారింపదలచితిమి.

మొదట ఆ వాద్యము పలుకు తీరు చూతము. తీగల క్రింద పికప్ అను చిన్న పరికరముండును. అది అయస్కాంతములచుట్టు, తలవెండ్రుకకంటె సన్నని రాగి తీగను ఏడెనిమిదివేల చుట్లు చుట్టిన కండె. అయస్కాంతము తనపైనున్న ఉక్కు తీగను కూడ కొంత అయస్కాంతముగా మార్చును. ఆ తీగ కంపించినపుడు కండెలో అతిస్వల్పమైన విద్యుత్తు, తీగ కదలిన క్రమముననే పుట్టును. అది సన్నని కేబులు గుండ యాంప్లిఫయరునకు పోయి, అచ్చట బలము పుంజుకొని, మీ రేడియోలోనున్న వంటి లౌడ్‌స్పీకరునుండి నాదమై వెలువడును. ఇందు గమనింపవలసినదేమనగా, ఆ కండె గాలిని వినదు, కొయ్యను వినదు. ఉక్కు కదలికను మాత్రమే వినును. వీణపై మంద్రమునకు వాడు ఇత్తడి తీగ వంటిదానిని ఆ కండెపై బిగించి మీటినచో లౌడ్‌స్పీకరు దాదాపు మౌనము వహించును. ఇత్తడికి అయస్కాంతగుణము లేకపోవుటయే కారణము. కొయ్య యెంత శ్రేష్ఠమైనదైనను ఆ మౌనమును పోగొట్టలేదు.

అట్లయినచో కొయ్య యెందులకు వచ్చెను? చరిత్ర విచిత్రముగా నున్నది. 1930 ప్రాంతమున అమెరికాలో నృత్యవాద్య బృందములు పెద్దవగుచుండెను. కొమ్ముబూరల మధ్య గిటారు వినబడకుండెను. లాస్ ఏంజెలిస్ నగరమున జార్జి బోషాంప్ అను వాద్యకారుడు ఇట్టి పికప్పును కల్పించెను. 1931లో నమూనాను కొయ్యతో చేసిరి గాని, 1932లో రికెన్‌బ్యాకర్ మొదలగువారు అమ్మకమునకు తెచ్చిన వాద్యము పోతపోసిన అల్యూమినియముది. గుండ్రని తల, పొడవైన కాడ ఉండుటచే జనులు దానికి వేపుడు పెనమని ముద్దుపేరు పెట్టిరి. అది ఒడిలో పెట్టుకొని హవాయి పద్ధతిని వాయించునది. విపణిలో నిలిచిన మొదటి విద్యుత్ గిటారునందు కొయ్యయే లేదన్న మాట! దాని లోపము వేరొకటి. వేదికపై దీపముల వేడిమికి లోహము వ్యాకోచించి శ్రుతి జారెడిది. 1935లో ఆ సంస్థయే బేకలైటుతో మరియొక రకమును చేసెను. నాటి రేడియో పెట్టెలు దేనితో పోతపోసిరో అదే పదార్థము. కొయ్యకు ఈ రంగమున గల మొదటి సుగుణము శ్రావ్యత కాదు, వేడికి ఎక్కువగా సాగకపోవుట, ఉలికి రంపమునకు లొంగుట, చేతికి హాయిగా నుండుట అని దీనివలన తెలియుచున్నది.

బోలు గిటారునకే పికప్ తగిలించినవారును గలరు. 1936లో గిబ్సన్ సంస్థ అట్టిదానిని చేసెను. కాని సభలలో మైకును లౌడ్‌స్పీకరు ఎదుట పెట్టినపుడు పుట్టు కీచుకూత మనకందఱకు పరిచితమే. బోలు గిటారునకును అదే రోగము. లౌడ్‌స్పీకరు ధ్వని బోలు పొట్టను కదపును, పొట్ట తీగను కదపును, తీగ మరల లౌడ్‌స్పీకరును కదపును. చివరకు సంగీతము పోయి కూత మిగులును. దీనికి లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు 1940 ప్రాంతమున మోటైన చికిత్స కనిపెట్టెను. న్యూయార్కులోని ఎపిఫోన్ కర్మాగారములో సెలవు దినములందు కూర్చుండి, నాలుగంగుళముల చదరపు దేవదారు దుంగపై పికప్పులు బిగించెను. కూత పోయెను. కాని దుంగను వాయించుచున్న మనుష్యుని చూచి సభలోనివారికి రుచింపలేదట. అంతట ఆయన ఒక మామూలు గిటారును నిలువున కోసి, ఆ చెక్కలను దుంగకు ఇరువైపుల రెక్కలవలె అంటించెను. నాదము మారలేదు, ఆదరణ మాత్రము మారెను. జనులు కన్నులతో కూడ విందురని తాను ఆనాడు గ్రహించినట్లు ఆయన తరువాత చెప్పుచుండెడివాడు. మాకు ఈ కథలో మిక్కిలి ముఖ్యమైన మాట ఇదియే.

ఇప్పుడు రేడియో శ్రోతలకు చుట్టమనదగిన మరియొక మనుష్యుని చెప్పవలెను. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అను చిన్న ఊరిలో లియో ఫెండర్ 1938 నుండి రేడియోలు బాగుచేయు అంగడి నడపెను. ఆయనకు గిటారు వాయించుట రాదు. బాగుచేయుటకు వీలైన వస్తువునే మంచి వస్తువుగా భావించు స్వభావము ఆయనది. 1950లో ఆయన అమ్మకమునకు పెట్టిన గిటారు దిమ్మ యాష్ చెక్కది, మెడ మేపుల్‌ది. రెంటిని నాలుగు మరలతో బిగించెను. మెడ చెడినచో మరలు విప్పి మరియొకటి వేసికొనవచ్చును. 1951 నుండి టెలీకాస్టర్ అని దాని పేరు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చెను. 1956 ప్రాంతమున ఫెండర్ ఎక్కువ భాగము యాష్ విడిచి ఆల్డర్ చెక్కకు మారెను. దీనిని గూర్చి నేటి రసికులు నాదభేదమని పుటలు పుటలు వ్రాయుదురు. కాని యాష్ చెక్క రంధ్రములు పెద్దవి. రంగు వేయుటకు ముందు వానిని లప్పముతో నింపవలెను. ఆల్డర్ రంధ్రములు సన్ననివి. పని త్వరగా తెమలును. ఈనెలు స్పష్టముగా కనబడవలసిన లేత పసుపు రంగు గిటారులకు మాత్రము యాష్ చెక్కనే ఉంచిరి. వడ్రంగి కొట్టులో ఒక్క పూట కూర్చున్నవారికి ఈ కారణము వింతగా తోచదు.

మెట్ల పలక కథయు ఇట్టిదే. తెల్లని మేపుల్ మెడపై పూసిన మెఱుగు, వ్రేళ్ల రాపిడికి అరిగి చెమటచే నల్లబడి మురికిగా కనబడెడిది. అందుచే 1958లో ఒక క్రొత్త రకముతో ఆరంభించి, 1959 నాటికి ఇతర రకములకును, మెడపై ముదురు రంగు రోజ్‌వుడ్ పలకను అంటించిరి. మురికి కనబడదు, మెఱుగు పూయనక్కరలేదు. ఇంకొక సంగతి. వ్రేలు నొక్కినపుడు తీగ ఆనుకొనునది లోహపు మెట్టుపై గాని కొయ్యపై కాదు. వీణలో ఇత్తడి మెట్టు క్రింద మైనమున్నట్లు, ఇచ్చట లోహపు మెట్టు క్రింద కొయ్య యున్నది.

చూపునకు సంబంధించినంతవరకు కొయ్య మహిమ నిస్సంశయము. 1952లో గిబ్సన్ సంస్థ లెస్ పాల్ పేరిట తెచ్చిన గిటారునకు మహాగని దిమ్మ, దానిపై వంపుగా చెక్కిన మేపుల్ పలక. మొదట పైనంతయు బంగారు రంగు పూసిరి గాన క్రింది చెక్క అందము ఎవరికిని తెలియదు. 1958లో ఆ రంగు తీసివేసి, అంచున ఎఱుపు, నడుమ పసుపుగా, లోని ఈనెలు కనబడునట్లు పలుచని రంగు వేసిరి. కొన్ని మేపుల్ మ్రాకులలో నారలు తిన్నగా పెరుగక అలలుగా పెరుగును. కోసి నునుపు చేసినపుడు ఒక అల వెలుగును మన వైపు, ప్రక్క అల అవతలి వైపు త్రిప్పును. గిటారును కదలించినకొలది చారలు కదలుచున్నట్లు తోచును. రెండు ఛాయల పట్టుచీర కొంగును ఎండలో త్రిప్పి చూచినవారికి ఆ సొగసు తెలియును. దుకాణపు అద్దములలో ఎండ సోకి ఎఱుపు వెలిసి, ఒక్కొక్కటి తేనె రంగునకో నిమ్మ రంగునకో మారినవి. ఆ రోజులలో అవి పెద్దగా అమ్ముడుపోలేదు, 1960తో ఆపివేసిరి. నేడు వానిలో ఒక్కొక్కదాని వెల లక్షల డాలర్లు. ఆ చారలు నాదమునకు చేర్చునది మాత్రము ఏమియు లేదు. నేడు సామాన్యపు వెల గిటారులపై కనబడు చారలు కాగితమంత పలుచని పొరయో, అదియును గాక అచ్చొత్తిన బొమ్మయో యగుట కలదు.

అట్లని కొయ్యకు నాదముతో బొత్తిగా పొత్తు లేదనుట కూడ సరికాదు. తీగ రెండు కొసల ఆధారముపై కంపించును. ఆ ఆధారములు కదలక నిలిచినచో తీగ బలము తీగలోనే నిలిచి స్వరము నిడివిగా సాగును. ఆధారము కొంచెము కదలినచో ఆ మేర తీగ బలము కొయ్యలోనికి జారిపోవును. దిమ్మ బరువైనది గాన అది కదలుట తక్కువ. మెడ అట్లు కాదు. ఒక కొస బిగించి రెండవ కొస గాలిలో విడిచిన కఱ్ఱ అది. దానికి తనదైన కంపనసంఖ్య యుండును. వాయించు స్వరము దానితో కలిసినచో మెడ ఊగి తీగను మ్రింగివేయును. అన్ని స్వరములు బాగుగా సాగుచుండగా ఒక్క మెట్టుపై మాత్రము స్వరము టక్కున చచ్చిపోవుట వాద్యకారులకు తెలిసిన బాధ. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ అను శాస్త్రజ్ఞుడు 1990ల చివర దీనిని కొలిచి, దోషము ప్రధానముగా మెడ కదలికలో నున్నదని చూపెను. గిటారు తలకు చిన్న బరువును బిగించినచో ఆ మృతస్థానము ప్రక్క మెట్టునకు జరుగును.

అనగా కొయ్య ఇచ్చునది తక్కువ, పుచ్చుకొనునదే యెక్కువ. ఎంత పుచ్చుకొనుననునది దాని బిగువుపైనను, బరువుపైనను ఆధారపడునే గాని పేరుపై కాదు. ఒక్క మ్రానునుండి కోసిన రెండు పలకలే సమానముగా నుండవు. మహాగని గంభీరము, మేపుల్ తేట అను మాట పుట్టుటకు వేరొక కారణము మాకు తోచుచున్నది. గిబ్సన్ గిటారునకు మహాగని యుండును, దానితోపాటు 1957 నుండి హంబకర్ అను జంట కండెల పికప్పు కూడ నుండును. సెత్ లవర్ అను ఇంజనీరు, కరెంటు తీగలనుండి వచ్చు రొదను అణచుటకు దానిని కల్పించెను. మీ రేడియోలో అప్పుడప్పుడు వినవచ్చు బొంయి మను రొద వంటిదే అది. రొదతోపాటు నాదములోని వాడియు కొంత తగ్గి గుండ్రదనము వచ్చెను. ఫెండర్ గిటారునకు ఒంటి కండె. నాదము పదునుగా నుండును. తీగ పొడవు కూడ గిబ్సన్‌కు సుమారు ఇరువది నాలుగుముప్పాతిక అంగుళములు, ఫెండర్‌కు ఇరువదియైదున్నర. ఈ రెంటిని పోల్చి భేదమంతయు చెక్కదే యనుట, ఇద్దఱు గాయకులను విని భేదమంతయు వారి శాలువలదే యనుట వంటిది.

వాద్యకారులు అసత్యమాడుచున్నారని మా యభిప్రాయము కాదు. గిటారు వారి ఛాతీని తాకియుండును. దిమ్మలోని కదలిక వారి యెముకలకు తెలియును, లౌడ్‌స్పీకరునకు తెలియదు. తనకు నచ్చిన వాద్యము చేతిలోనున్నపుడు మీటు తీరే మారును. అది నిజమైన భేదమే. అది చేతిలో పుట్టినది, కొయ్యలో కాదు.

దిమ్మ వాద్యము మన సంగీతమునకు చేసిన మేలును ఇచ్చట తలపక పోరాదు. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్, 1978లో గుడివాడలో బాలుడుగా తొలి కచ్చేరి చేసినప్పటినుండి 2014లో దివంగతులగువరకు, మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించిరి. మామూలు బోలు మాండొలిన్‌పై స్వరము పుట్టినంతనే ఆరిపోవును. గమకమును సాగదీయుటకు వ్యవధి యుండదు. ఆయన చేపట్టినది ఒంటి తీగలు అయిదుగా గల విద్యుత్ మాండొలిన్. స్వరము సాగుటచే తీగను ప్రక్కకు లాగి, జారు, కంపితము పలికించుటకు చోటు దొరకెను. బోలులేని చెక్కపై తోడి, కాంభోజి రాగములను విన్న మన శ్రోతలు ఆ చెక్క యే జాతిదని అడిగియుండరు.

ఇక అడవుల సంగతి. రోజ్‌వుడ్ అనగా మొదట బ్రెజిల్ దేశపుది. అచ్చటి మ్రాకులు తరుగగా 1960లలో గిటారు సంస్థలు క్రమముగా భారతదేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగినవి. మన అడవులలో ఇరుగుడు అనియు, జిట్టేగి యనియు పిలుచు చెట్టు అదియే. పశ్చిమ కనుమలలో మిక్కిలి ప్రసిద్ధము. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు ఒప్పందములో 1992న బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను నిషిద్ధ జాబితాలో చేర్చిరి. 2017 జనవరి నుండి ఆ కుటుంబపు చెట్లన్నిటికి, మన జిట్టేగితో సహా, అనుమతి పత్రములు కావలసివచ్చెను. వాద్యములు అమ్మువారు, వానిని వెంట తీసికొని దేశములు తిరుగు వాద్యకారులు ఇక్కట్లపాలైరి. 2019లో జెనీవాలో కూడిన సభ, తయారైన వాద్యములకు మినహాయింపు నిచ్చినది; దుంగలకును పలకలకును ఆ సౌకర్యము లేదు. అంతకు ముందే 2011లో అమెరికా ప్రభుత్వాధికారులు గిబ్సన్ కర్మాగారములను సోదాచేసి, మన దేశమునుండి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకలను పట్టుకొనిరి. 2012లో ఆ తగవు రాజీతో ముగిసెను. మహాగని కూడ 2003 నుండి నియంత్రణలోనే యున్నది. యాష్ చెట్లకు వచ్చిన ముప్పు వేరు. ఆసియానుండి వలసపోయిన పచ్చని పెంకుపురుగు ఒకటి, 2002లో మిచిగన్ రాష్ట్రమున కనబడి, నాటినుండి ఆ చెట్లను కోట్లకొలది చంపివేసినది. మిస్సిసిపి వరదలు తోడుకాగా, 2020లో ఫెండర్ సంస్థ యాష్ వాడకమును కొన్ని రకములకే పరిమితము చేయవలసివచ్చెను.

వీణకు పనస కావలెననుట సబబు; అచ్చట కొయ్యయే కంఠము. పనస మన పెరటిలో నాటుకొను చెట్టు కూడ. పైనంతయు రంగు పూసి దాచివేయు దిమ్మకు నూరేండ్ల అడవి మ్రాను కావలెననుట మాత్రము మాకు సమంజసముగా తోచదు. గిటారు కొనువారు చూడవలసినవి వేరు. మెడను కంటి యెదుట నిలిపి కొసనుండి చూచి వంకర లేదని నిశ్చయించుకొనుడు. మన సముద్రతీరపు తేమకు మెడలు వంగుట సులభము. లోపలనున్న ఉక్కు కడ్డీని త్రిప్పి సరిచేయు వీలున్నదో లేదో అడుగుడు. ప్రతి మెట్టుపైనను స్వరము సమానముగా సాగుచున్నదేమో వినుడు. పిల్లవాని భుజము దిమ్మ బరువును ఒక గంటసేపు మోయగలదో లేదో చూడుడు. మిగిలిన సొమ్మును మంచి పికప్పునకును, మంచి లౌడ్‌స్పీకరునకును వినియోగింపుడు. చారల సొగసు కావలెనన్న కొనుడు, తప్పు లేదు. అది కన్నులకు చెల్లించిన వెల యని తెలిసి కొనిన చాలును.

లండన్ సమీపమున 1963లో బ్రయన్ మే అను బాలుడు, విపణిలోని గిటారు కొనుటకు సొమ్ము చాలక, తండ్రితో కలిసి ఇంటనే ఒకటి చేయ నారంభించెను. మెడకు పాత నెగడుగూటి చట్రమునుండి ఊడదీసిన మహాగని కఱ్ఱ దొరకెను. దిమ్మ నడిమి భాగమునకు పాత బల్లనుండి తీసిన ఓక్ చెక్క, ప్రక్కలకు అతుకుల చెక్క. మోటారుసైకిలు స్ప్రింగులను తీగల సాగుదలకు వాడిరి. మెట్ల నడుమ గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములను అరగదీసి పొదిగిరి. మెడ కఱ్ఱలో పురుగులు తొలిచిన రంధ్రములుండగా వానిని అగ్గిపుల్లలతో పూడ్చిరి. అతడే తరువాత క్వీన్ అను బృందములో ప్రఖ్యాతుడైన గిటారు విద్వాంసుడు. 2002లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవమున, బకింగ్‌హాం రాజభవనపు పైకప్పుపై నిలిచి ఆయన బ్రిటిష్ జాతీయగీతమును వాయించినది ఈ గిటారుపైననే.